ఉక్కు అరిగిపోయిన ఉలి

సానచక్రం తిప్పడం మ్వానైషాకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటే. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేత్తో కొబ్బరి చిప్పెడు నీళ్లు రాతి మీద పోస్తుంది. లాము దీవిలో తలుపులు చెక్కేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల పని అంతవరకే. ఉలి ముట్టుకోకూడదు. ఆ మాటకొస్తే తోటి పనివాడైనా ముట్టడు. ఎవరి ఉలికి వాళ్లే సాన పట్టుకోవాలి. ఇంకో చెయ్యి పడితే ఆ పని ఆ చేతిదే అయిపోతుందంటారు.

ఆమె మొగుడు షేకువేకు వానలు వెలిసిన దగ్గర నుంచి చెయ్యి వణుకుతోంది, చూపూ మసకబారింది. అప్పటికే, అథుమాన్ అనే ఆసామి తన ఇంటికి పురమాయించిన తలుపుకు రెక్కలు రెండూ అయ్యాయి. మిగిలింది పై దూలం మీద అక్షరాలు చెక్కడమే. మొదలుపెట్టిన చెయ్యే దాన్నీ ముగిస్తేనే తలుపు అతని పని అనిపించుకుంటుంది. అదే తన ఆఖరి తలుపని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

అక్షరాలకు గురువు ఇచ్చిన వెడల్పు ఉలి కావాలి, దాని వాదర, అంటే పదునంచు, మూలమట్టం పెట్టి చూస్తే సూటిగా ఉండాలి. కాస్త ఒరిగినా గాడి ఒక పక్క లోతు పడుతుంది. షేకువే ఉలిని రాతికి ఆనించగానే చెయ్యి వణికి ఎడమ మూల ఎక్కువ అరుగుతుంది. మూలమట్టం పెట్టి, సందును గోటితో తడిమి, కుడి మూల అరగదీస్తాడు. అదీ ఎక్కువవుతుంది. మళ్లీ ఎడమ. వంకర పోలేదు గాని ఉలి రోజురోజుకీ పొట్టిదైపోతోంది. తక్కువ అరుగుతుందని ఆమె చక్రాన్ని మెల్లగా తిప్పి చూసింది. అతను కసిరాడు.

మేనల్లుడు బ్వానహేరి ఒక పొద్దున వచ్చి కూర్చున్నాడు.

“మామా, ఒక్కసారి నాకియ్యి. ఎవరు చూడొచ్చారు?”

“రేపు నా బదులు నమాజు కూడా నువ్వే చేస్తావేంట్రా?” అన్నాడు షేకువే.

బ్వానహేరి నవ్వేసి, కొబ్బరిపాల చిక్కుళ్లు తిని లేచాడు. పోతూ పోతూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అత్తకు చెప్పాడు. ఆ ఉలికి ఉక్కు ముందు భాగంలోనే అతికించారట, వెనకంతా మెత్తని ఇనుమేనట. అతుకు దాటితే ఎంత సాన పట్టినా పదును నిలవదట.

ఆనాటి నుంచి ఆమె ఆ అతుకునే చూస్తూ వచ్చింది. తెల్లగా మెరిసే ఉక్కు బొటనవేలంత ఉండేది, గోరంత అయింది. ఇక చాల్లేవయ్యా అని ఒకసారి అంది. ఇంకొక్కసారి తిప్పవే అన్నాడు. తిప్పింది.

శుక్రవారం పొద్దున వాదర సూటిగా వచ్చింది. మూలమట్టం కింద గోరు దూరే సందు కూడా లేదు. షేకువే ముఖం వెలిగింది.

“చూడవే, ఎలా ఉందో.”

ఆమె చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిదరంగు ఇనుమే. మెరుపన్నది ఎక్కడా లేదు. చెప్పాలని నోరు తెరిచింది.

“సూటిగా ఉంది” అంది.

అతను దూలం మీద మొదటి అక్షరానికి ఉలి పెట్టి కొట్టాడు. టేకు తెగలేదు. వాదరే రేకులా మడత పడింది. బొటనవేలితో ఆ మడతను అటూ ఇటూ తడిమాడు. తర్వాత మెల్లగా వచ్చి చక్రం ముందు కూర్చున్నాడు.

“నీళ్లు పొయ్యవే.”

ఆమె నీళ్లు పోసి పిడి పట్టుకుంది.