గట్టు తిన్న చిన్నాయన

చిన్నాయన పోయాడని రాయచెర్లు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వై.ఎన్.హొసకోట స్కూల్లో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీదే అనుకున్నాను.

శవపెట్టె ముందు ప్రార్థన జరుగుతుంటే ఆ కోపం ఇంకా పెరిగింది. బాప్తిస్మం తీసుకున్న రోజే మా చిన్నాయన పాపాలన్నీ కొట్టుకుపోయాయని, నీళ్ళలోంచి లేచాక ఆయనకు పాపంతో పనే లేకుండా పోయిందని పాస్టరయ్య మైకులో చెప్పాడు. ఒళ్ళు మండిపోయింది. అంత తేలికా? ఆ మనిషి పడ్డ పాటు తెలియనివాళ్ళు మైకు పట్టుకోకూడదు.

మా నాయన చేనూ, ఆయన తమ్ముడైన చిన్నాయన చేనూ పక్కపక్కనే. చెనిక్కాయ విత్తడానికి దున్నేటప్పుడల్లా చిన్నాయన మధ్యలో గట్టును కాస్త చెక్కి తన చేలో కలుపుకునేవాడు. ఏటికో సాలు. మా నాయన కనిపెట్టేసరికి గట్టు రెండు బారలు మావైపు జరిగింది. అడిగితే ప్రమాణం చేసి కాదన్నాడు. మా నాయన ఊరుకున్నాడు గానీ నేను ఊరుకోలేదు, వీధిలో నిలబడి తిట్టాను.

బాప్తిస్మం అయిన మర్నాడు చిన్నాయన మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అన్నా, గట్టు తినింది నేనే. ఒక్క సాలే కదా అనుకుంటా అంత దూరం పోయినా" అన్నాడు.

మా నాయన లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ ఏటి నుంచి చిన్నాయన పార పట్టుకుని గట్టును వెనక్కి జరపడం మొదలుపెట్టాడు, అదీ ఏటికో సాలే. ఒక్కసారే ఇచ్చేయొచ్చు కదా అని ఎగతాళి చేశాను.

"చేతగాలేదమ్మా. పార పట్టుకుంటే ఇప్పుడు గూడా చెయ్యి నా పక్కకే లాగతాది" అన్నాడు.

పార ఎత్తే ముందు కుడి మణికట్టును ఎడమ చేత్తో ఒకసారి గట్టిగా పట్టుకునేవాడు, గుంజుకుపోయే ఎద్దును ఆపినట్టు. ఒక ఏడు ఇవ్వలేక గట్టు మీదే కూర్చుని ఏడ్చాడు. పాపాన్ని గెలవడమంటే ఏమిటో నాకు ప్రసంగాల్లో అర్థం కాలేదు. ఆయనను చూస్తే అర్థమైంది. ఆ రుణం నాకుంది.

తర్వాత సోలార్ ప్లాంటుకు భూములు కౌలుకు తీసుకున్నవాళ్ళొచ్చి చేలన్నీ చదును చేశారు. గట్లు పోయాయి. సర్వే చేస్తే కాగితాల ప్రకారం ఎవరి భూమి వాళ్ళకు తేలింది. ఇంక నీకు బాధెందుకని పాస్టరయ్యతో సహా అందరూ అన్నారు.

"సర్వే సరిచేసింది. నేను చేయలేదు. ఇంగా రెండు సాళ్ళు ఉండాయి" అన్నాడు చిన్నాయన.

మా నాయన కన్నుమూశాక, చర్చి దగ్గర నేను కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేవాడు, మీ నాయన నా గురించి ఏమన్నా చెప్పిపోయినాడా అని. ఏమీ చెప్పలేదనేదాన్ని.

అబద్ధం. పోయే ముందు మా నాయన నా చెయ్యి పట్టుకుని "సరిపోయిందని వానికి చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. ఇంకొన్నాళ్ళు పడనీ అనుకున్నాను. ఈ ఒక్క ఆదివారమే కదా అని ప్రతి ఆదివారం అనుకున్నాను. నాలుగేళ్ళు ఆయన వెనక వరుసలోనే కూర్చుని పాటలు పాడాను. నా మీద నాకున్న కోపానికి పాస్టరయ్య దొరికాడు, అంతే.

ప్రార్థన ముగిశాక లేచి, అందరి ముందూ ఇదంతా చెప్పేశాను. చిన్నమ్మ నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళి వంగింది. చివరి రోజుల్లో ఆయనకు సరిగా వినపడేది కాదు. అన్నానికి పిలిచేటప్పటిలాగే చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"మీ అన్న సరిపోయిందన్నాడంట. ఇనపడిందా?"

కాసేపు అట్లాగే వంగి ఉండిపోయింది.