హుక్కులదాకా ఓర్చుకో

ఆదివారం పొద్దున్నే బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. "ఆంటీ, అమ్మ పోయింది" అంది మా కుట్టుమిషను అక్క కూతురు. నిద్రలోనే పోయిందట. రేపల్లె నుంచి రెండు బస్సులు మారి నేను వెళ్ళేసరికి ఖననానికి తీసుకెళ్ళిపోయారు. ఆఖరి చూపు దక్కలేదు.

మీలో ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. రేపల్లెలో మా పక్క వాటాలో ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టింది, అంతే. మెడలో టేపు లేకుండా నేనామెను చూడలేదు. చెప్పిన రోజుకి జాకెట్టు ఏనాడూ ఇచ్చింది లేదు. గట్టిగా అడిగితే "కుట్టేది మిషనే గానీ తొక్కేది నేను కదమ్మాయ్" అనేది.

నేను జూనియర్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఎవరినీ ఏదీ అడగకుండా బతికేశానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. నలభై ఆరో ఏట నెలసరి అదుపు తప్పాక ఆ పొగరు దిగింది. తెనాలి డాక్టరమ్మ స్కానింగ్ చూసి, గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. మత్తు అక్కర్లేదు, ఐదు నిమిషాలు ఓర్చుకుంటే చాలంది. చెప్పిన రోజున ఒక్కదాన్నే వెళ్ళాను.

"తోడెవరు వచ్చారమ్మా? మీవారు రాలేదా? పిల్లలెంతమంది?" నర్సు గొంతు హాలంతా వినిపించింది. పెళ్ళి కాలేదన్నాను. బెంచీల మీద ఆడవాళ్ళంతా తలెత్తి చూశారు. తోడు లేకపోతే చేయరట. బయటికొచ్చి రేపల్లె రైలెక్కేశాను. ఆ రోజంత ఒంటరితనం నాకు అంతకుముందు తెలియదు.

ఆ వారమే జాకెట్టు కొలతకి అక్క దగ్గరికి వెళ్ళాను. నడుం చుట్టూ టేపు వేసి ఆగిపోయింది. "రెండంగుళాలు చిక్కావు. ఏంటి సంగతి?" అంది. ఏం లేదన్నాను. అక్క టేపు తియ్యలేదు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది. చెప్పేశాను, ఏడ్చాను కూడా. "గురువారం పోదాం పద. నేనెవరికీ చెప్పను" అంది.

చెప్పననైతే అంది గానీ అబద్ధమాడటం ఆమెకి చేతకాదు. తెనాలి ఎందుకని వీధిలో ఎవరడిగినా "హుక్కులు కొనడానికి" అనేది. కాబట్టి నిజంగానే కొనాలి. తిరిగొచ్చేటప్పుడు కడుపు పట్టుకుని నేను నిలబడలేక నిలబడుతుంటే, స్టేషన్ దగ్గర కొట్లో ఆగి రెండో నంబరువా, మూడో నంబరువా అని హుక్కుల అట్టలు తిరగేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి కదక్కా!" అంటే, "చెప్పిన మాట నిజం కావద్దూ?" అనేది.

ఆస్పత్రి కాగితం మీద "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగితే "అక్కని" అంది. నర్సు మా ఇద్దరి పేర్లూ చూసి, రెండూ రెండు మతాలవి కావడంతో పెన్ను ఆపింది. "అక్కా?"

"అవునండి. రాసుకోండి, లోపల డాక్టరుగారు చూస్తన్నారు."

లోపల నా తల దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంది. కాళ్ళు ఎత్తి కట్టించుకుని, దుప్పటి కింద చల్లటి ఇనుము తగిలాక, సిగ్గుతో, భయంతో నా ఒళ్ళు కొయ్యబారింది. అక్క నా చెయ్యి తీసుకుంది. "ఇటు చూడు. నీ జాకెట్టు కుడతన్నా. గుడ్డ తడిపి ఆరేశా. ఆరిపోయింది. సుద్దతో గీత గీశా. వీపు ముక్క కత్తిరించా. భుజాలు కలిపా. మెడ తిప్పా. ఇదిగో, చేతులు ఎక్కిస్తన్నా, ఇక్కడ కాస్త లాగుద్ది, గట్టిగా పట్టుకో. పక్క కుట్లు వేస్తన్నా. ఇంకెంత, హుక్కులదాకా ఓర్చుకో. ఒకటి. రెండు. మూడు." నాలుగో హుక్కు కుడుతుండగా డాక్టరమ్మ "అయిపోయిందమ్మా" అంది.

తిరుగు ప్రయాణంలో నాకంటే ముందు గబగబా వెళ్ళి రైలెక్కి, కిటికీ పక్క సీటు మీద తన గుడ్డ సంచీ పెట్టేసేది. ఎవరైనా అడిగితే "ఉన్నారండి, వస్తన్నారు" అనేది. నేను నిమ్మళంగా నడిచొచ్చి కూర్చునేదాన్ని. ఒకసారి భట్టిప్రోలు దాటాక అడిగాను, ఈ జాకెట్టు సంగతి నీకెలా తట్టిందక్కా అని. "మొదటి కడుపు పోయినప్పుడు శుభ్రం చేశారు కదా. అప్పుడు నా పక్కనెవరూ లేరమ్మాయ్. ఏం చెయ్యాలో తోచక మనసులో ఓ జాకెట్టు కుట్టుకున్నా" అంది.

ముక్కలో భయపడాల్సిందేమీ లేదన్నారు గానీ ఆరు నెలలకోసారి ఇలాగే ముక్క తీసి చూడాలన్నారు. నాలుగుసార్లు వెళ్ళాం. నాలుగోసారికి ఆమె కూతురు దగ్గరికి మకాం మార్చింది. అయినా బాపట్ల నుంచి తెనాలి వచ్చి, నన్ను రేపల్లెలో దింపి, మర్నాడు వెళ్ళింది.

ఆ ఆదివారం బాపట్లలో కూతురు మంచం కింది పెట్టె తెరిచి చూపించింది. "చూడండి ఆంటీ, ఎన్ని అట్టలో! కళ్ళు కనపడట్లేదని కుట్టడం మానేసి ఏడాదైంది. ఇన్ని హుక్కులెందుకు కొందో!" నా సంగతి కన్న కూతురికి కూడా చెప్పలేదన్నమాట. ఆ అట్టలను కాసేపు ముట్టుకుని మూత పెట్టేశాను.

పోయిన గురువారం నాకు ఐదోసారి. మానేద్దామనే అనుకున్నాను. మానేస్తే ఆమె నాలుగుసార్లు రావడం వృథా అవుతుందనిపించి బయల్దేరాను. "అక్కగారేరి?" అంది నర్సు. "పోయింది" అన్నాను. తోడెవరని ఇంక అడగలేదు. తనే స్టూలు లాక్కుని నా తల దగ్గర కూర్చుని "ముందు గుడ్డ తడపాలి కదండి?" అంది. ఇన్నిసార్లూ విన్నదట.

కళ్ళు మూసుకుని కుట్టడం మొదలుపెట్టాను. భుజాలు కలపకుండానే చేతులు ఎక్కించేశాను. తప్పని చెప్పేవాళ్ళు లేరు. హుక్కులు వచ్చేశాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు కుట్టేశాను. జాకెట్టు అయిపోయింది, నొప్పి మాత్రం అయిపోలేదు. ఐదో హుక్కు, ఆరో హుక్కు కూడా కుట్టాను. ఇంకా అవలేదు. అప్పుడు తెలిసింది నాకు. అక్క నా మొహం చూస్తున్నట్టే ఉండి డాక్టరమ్మ చేతులు చూసేది. ఆ చేతులు ఆలస్యమైతే పక్క కుట్లు మెల్లగా వేసేది, తొందరపడితే హుక్కులు తొందరగా కుట్టేది. నాకు కనపడనిదంతా తను చూసి, నాకు జాకెట్టు మాత్రం చెప్పేది. బల్ల మీద వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పికేమో అనుకుని నర్సు నా తల నిమిరింది.

స్టేషన్ దగ్గర కొట్లో మూడో నంబరు హుక్కుల అట్ట ఒకటి కొన్నాను. ఆ రోజు నన్నెవరూ తెనాలి ఎందుకని అడగలేదు, అయినా కొన్నాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద సంచీ పెట్టాను. చినరావూరులో ఒకావిడ బుట్టతో ఎక్కి నా దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అండి?"

సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"లేరండి. కూర్చోండి."