బాయిలర్ దగ్గర ఆంటీ

న్యూజెర్సీలో చదువుకునేటప్పుడు ఒక ఆంటీవాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఇల్లు వేడిచేసే బాయిలర్ అక్కడే ఉండేది. ఆవిడ రోజూ పొద్దున్నే దిగివచ్చి, కుక్కర్ దగ్గర నిలబడ్డట్టు దాని ముందు నిలబడి చెవి రిక్కించి వినేది. మీటర్‌లో ముల్లుకంటే చెవినే నమ్మేది.

ఒకరోజు ప్రెషర్ పెరిగి సేఫ్టీ పైపులోంచి నీళ్లు కారసాగాయి. ఆవిడ కింద సాంబారు గిన్నె పెట్టి ప్లంబర్‌కి ఫోన్ చేసింది. ఈలోగా నా సూట్‌కేసు తడుస్తోందని నేను పైపుకి మూత బిగించేశాను.

చుక్కల చప్పుడు ఆగేసరికి ఆవిడ పరుగున వచ్చి బాయిలర్ ఆపేసింది.

"కుక్కర్ వెయిట్‌ని ఎవరైనా నొక్కి పెడతారా నాన్నా?" అంది.

ప్లంబర్ వచ్చి, ఇల్లు పేలిపోయేదన్నాడు. అంకుల్ ఇంతెత్తున లేచాడు. "ఈ క్యాప్ ఎవరు ఫిక్స్ చేశారు?"

"నేనేనండీ. కారుతోందని పెట్టాను," అంది ఆంటీ, నావైపు చూడకుండా.