కొండెక్కిన నలభైమూడు పళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు తన జీపుని వాకిట్లో పెట్టి, దాని ముక్కుకి ఆనుకుని ఫోనులో ఎవరితోనో గొడవ పడుతోంది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం దానిది. సెలవొస్తే చాలు, రోడ్డనేది లేని చోటికి బండి తోలుకుపోవడం దానికి సరదా. బండితో పాటు వచ్చిన టైర్లు నిక్షేపంలా ఉండగానే పీకించి, ఏనుగు పాదాల్లాంటివి వేయించింది. అరగని టైరు మార్చిన మనిషిని మా రెండు వంశాల్లోనూ నేను చూడలేదు. ఆ మాట దాని మొహం మీదే అన్నాను. అవి వేసింది మొదలు బండి ఎత్తు మీద ఆయాసపడుతోందట. ఫోను పెట్టేసి, "ఇరుసులో గేర్లు మార్చాలంట నాన్నమ్మా, నీకు తెలీదులే" అంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, "మార్చితే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ రెండిటికీ మార్చమను. పళ్ళు నీ కళ్ళతో లెక్కపెట్టుకో. దుకాణం వాడి మాట మీద తెచ్చుకోకు" అన్నాను. అది నా వంక చూసిన చూపు ఇంకా నా కళ్ళలో ఉంది. నేను రెండో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. అయినా జీపు ఇరుసులో ఏ పన్ను దేన్ని కొరుకుతుందో నాకు తెలియకేం? మా ఇంట్లో కొన్నేళ్ళు ఉడికిన అన్నమంతా ఆ పళ్ళ మధ్య నుంచే వచ్చింది.

అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్నారు. మేము మల్కాపురంలో ఉండేవాళ్ళం. మా ఇంటాయన వేలంలో ఒక పాత మిలట్రీ జీపు కొన్నారు. తలుపుల్లేవు, టాపు లేదు, హారను ఉన్నా అది దాని బుద్ధి పుట్టినప్పుడే మోగేది. ఆ జీపుతో ఆయన యారాడ నుంచి చేపలు తోలేవారు. యారాడ అంటే కొండకి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. అక్కడి ఆడవాళ్ళు అంతకుముందు తడిసిన గంపలు నెత్తిన పెట్టుకుని కొండెక్కి దిగి బజారుకొచ్చేవాళ్ళు. వాళ్ళ జట్టుకి పెద్ద ఒకావిడ ఉండేది, అందరం అప్ప అనేవాళ్ళం. మనిషి సన్నం, గొంతు మాత్రం ఒడ్డున అరిస్తే తెప్ప మీద వినిపించేది. ఆవిడ ఊ అంటే గంపలన్నీ మా జీపులోకి, ఊహూ అంటే ఒక్కటీ రాదు.

చిక్కెక్కడొచ్చిందంటే, ఇసకలో. తెప్పలు ఒడ్డుకొచ్చేది ఇసక మీదకి, మా జీపు ఆగేది పైన రోడ్డు మీద. మధ్యలో గంపలు మోసుకురావడానికే పొద్దెక్కిపోయేది. జీపుని నేరుగా తెప్పల దగ్గరకే తోలితే దాని సన్నటి టైర్లు కూరుకుపోయేవి. అందుకని మా ఇంటాయన ఎక్కడో వెతికి, ఎత్తూ లావూ ఉన్న టైర్లు నాలుగు తెచ్చి వేశారు. ఇసక మీద జీపు పీతలా పరిగెత్తింది. ఆ రోజు ఆయన మీసం తిప్పిన తీరు చూస్తే సముద్రాన్ని కూడా ఆయనే కొన్నారనుకోవాలి. కొండ దగ్గరకొచ్చేసరికి మీసం దిగింది. సగం దారిలో ఒక వంపుంది, నిటారు. అక్కడికొచ్చి జీపు గుర్రుమని గింజుకుని ఆగిపోయేది. ఆడవాళ్ళందరూ దిగి వెనక నుంచి తోస్తే గానీ కదిలేది కాదు. రోజూ అదే వరస. వాళ్ళే ఆ వంపుకి దిగుడు మలుపని పేరెట్టారు. "గంపలు నువ్వు మోత్తన్నావు, నీ జీపుని మేం మోత్తన్నాం. కిరాయి ఎవులికి ఎవులివ్వాలి బావా?" అని ఒకావిడ అంటే మిగతావాళ్ళు తోస్తూ తోస్తూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మా ఇంటాయనకి అన్నం దిగనిచ్చేది కాదు.

ఇంతలో గాజువాక నుంచి ఒక వ్యాను వాడు దాపురించాడు. వాడి వ్యాను ఇసకలోకి రాదు గానీ కొండ మాత్రం సుళువుగా ఎక్కుతుంది. అప్ప నిష్కర్షగా చెప్పేసింది. "సూడు బాబూ, నీ మంచితనం నాకు తెలుసు. మంచితనం కొండెక్కదు గదా. వచ్చే సోమారం ఒక్క మనిసీ దిగకుండా ఆ మలుపు దాటించు, సీజనంతా నీకే. దిగమన్నావా, ఆ దిగడం దిగడమే, మళ్ళీ నీ బండెక్కం." చేపల తోలకం పోతే ఆ జీపుకి వేరే పనీ లేదు, మాకు వేరే బతుకూ లేదు.

మా అన్నయ్య గాజువాకలో ఒక షెడ్డులో మెకానిక్కు. కబురంపితే వచ్చి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "టైరు పెరిగింది, పళ్ళు పెరగలేదు బావా" అన్నాడు. ఇరుసు మధ్యలో ఇనప డొల్ల ఒకటి ఉంటుంది కదా, అందులో ఒక పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం ఉంటాయట. ఆ జతని క్రౌన్ పినియన్ అంటారు. మా జీపులో చిన్నదానికి ఎనిమిది పళ్ళు, పెద్దదానికి ముప్పైతొమ్మిది. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, అంటే ఇంజను చేత పెద్ద పెద్ద అంగలు వేయించినట్టే. కొండెక్కేటప్పుడు అంగలేసేవాడు సగంలో కూలబడతాడు, పొట్టి అడుగులేసేవాడు గట్టెక్కుతాడు. పెద్ద చక్రానికి పళ్ళు పెరిగితే మళ్ళీ అడుగు పొట్టిదవుతుంది.

"ఎన్ని పెరగాల?" అని నేనడిగాను. అన్నయ్య బుర్ర గోక్కున్నాడు. నేను లోపలికెళ్ళి పురికొస ఉండ తెచ్చి పాత టైరు చుట్టూ ఒకసారి, కొత్త టైరు చుట్టూ ఒకసారి కొలిచాను. పాతదాని తాడుని తొమ్మిది మడతలు పెడితే, కొత్తది అలాంటి మడతలు పది వచ్చింది. కుండ తొమ్మిది పాళ్ళ నుంచి పదయితే ఉప్పూ అంతే పెరగాలి, దీనికి పెద్ద చదువేం కావాలి? ముప్పైతొమ్మిదిలో తొమ్మిదో వంతంటే నాలుగు, పైన కొంచెం. "అయితే నలబైమూడు. తరవాతొచ్చిన జీపుల్లో ఆ జతే ఉంటాది" అని అన్నయ్య ఎగిరి గంతేశాడు. "రెండు జతలు కావాల. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి."

రెండనగానే నాకు ప్రాణం ఉసూరుమంది. "తోసేది వెనక చక్రాలే గదా, ముందరవి మార్చడం దేనికి?" అన్నాను. "ఇసకలో నాలుగు చక్రాలూ లాగాల సెల్లీ. జోడెద్దుల్లో ఒకటి పెద్ద అడుగూ ఒకటి సిన్న అడుగూ ఏసాయనుకో, ఏటవుద్ది?" అన్నాడు వాడు. మాది ఎలమంచిలి దగ్గర వ్యవసాయపు ఇల్లు. కాడి ఎందుకు విరుగుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వెంటనే చెప్పులేసుకున్నాను.

పాత సామాన్ల దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. దుకాణదారు ముందు ఏదో బరువులు లాగే బండిది, ఇంకా ఎక్కువ పళ్ళున్న చక్రం, ఇరుసుతో సహా చూపించి, "ఇది ఏసుకుంటే గోడైనా ఎక్కేత్తారు" అన్నాడు. మా ఇంటాయన కళ్ళు మెరిశాయి. అన్నయ్య ఆయన భుజమ్మీద చెయ్యేసి, "గోడెక్కుతావు బావా. దిగాక రోడ్డు మీద ఎద్దుబండి నిన్ను దాటేసి పోద్ది. పచ్చి సేపలేసుకుని బయలెల్తే బజారుకి ఎండు సేపలు దించుతావ్" అన్నాడు. ఆయన గమ్మున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఎక్కువ బలం కూడా చేటేనని ఆ వేళ నాకు తెలిసింది. సంసారంలో అంతకుముందే తెలుసనుకోండి.

ఆ తరవాత గ్రీజు మురికితో రెండు జతలు బయటపడ్డాయి. చిన్న చక్రాలకి ఎనిమిదేసి పళ్ళు, చూడగానే తెలిసిపోయింది. పెద్దవే లెక్కపెట్టాలి. వెలుగు పోకముందే తేల్చుకుందామని ఒకటి నేను, ఒకటి ఆయన పట్టుకున్నాం. మొదటి పన్ను మీద సున్నం బొట్టెట్టుకుని నేను లెక్కెట్టాను. నాకు నలభైమూడొచ్చింది. ఆయనకి నలభైరెండు. అన్నయ్య మొహం మాడిపోయింది. "ఒక్క పన్ను తేడా ఉన్నా ముందూ వెనకా జోడు కుదరదు" అన్నాడు. ఊళ్ళో ఇంకెక్కడా దొరకవు, సోమవారం దగ్గర పడుతోంది. మా ఇంటాయన చేతులు తుడుచుకుని, ఆ వ్యాను వాడు అదృష్టవంతుడని గొణుగుతూ బయటికి నడిచారు.

నేను మాత్రం చక్రం వదల్లేదు. కొనకుండా వెళ్ళడం నాకు కష్టం కాదు, తేలకుండా వెళ్ళడం కష్టం. "ఇలా రా. ఈసారి పైకి లెక్కెట్టు, నాను ఇంటాను" అన్నాను. ఆయన విసుక్కుంటూనే వేలు పెట్టి మొదలెట్టారు. "లాభం, ఒకటి, రెండు..."

అక్కడ పట్టుకున్నాను. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. మా పుట్టింట్లో లాభం తరవాత రెండు. అంటే లాభమే ఒకటి. మా అత్తవారింట్లో మొదటి కుంచం దేవుడిదని పక్కన పోస్తారు, అది లెక్కలోకి రాదు. ఒకటి ఆ తరవాతే. ఆ మనిషి ఇనప చక్రంలో కూడా మొదటి పన్ను దేవుడికి వదిలేశారు. నేనూ లాభంతోనే మొదలెట్టాను గానీ దేవుడికి పన్ను వదిలేటంత ఉదారం మా వైపు లేదు. అన్నయ్య రెండు చక్రాల్నీ ఒకదాని మీద ఒకటి బోర్లించాడు. పన్నుకి పన్ను కూర్చుంది, సందు లేకుండా. దుకాణదారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వులో ఉండగానే బేరం కుదిర్చేశాను. ఆదివారం రాత్రికల్లా అన్నయ్య రెండు ఇరుసులూ విప్పి ఆ జతలు ఎక్కించేశాడు.

సోమవారం నేనూ వెళ్ళాను. నవ్వితే ఎవరు నవ్వుతారో చూద్దామని. గంపలన్నీ ఎక్కించి, సందుల్లో ఆడవాళ్ళు ఇరుక్కుని, మధ్యలో నేను. చేపల నీళ్ళు కుచ్చిళ్ళలోకి కారుతున్నా కదల్లేదు. ఇసకలో నాలుగు చక్రాలూ కలిసి నడిచాయి, మా ఇంటి ఎద్దుల్లాగే. కొండ మొదలైంది. దిగుడు మలుపు దగ్గరకొచ్చేసరికి అలవాటు చొప్పున అందరూ చీరలు పైకి దోపుకున్నారు. అప్ప ఒక కాలు బయటికి పెట్టేసింది. జీపు గొంతు మారింది. గుర్రుమని గింజుకోలేదు, తిరగలిలా సన్నగా, నిదానంగా ఒకటే రొద. మలుపు పక్కనున్న రాయి మెల్లగా మా వెనక్కి జరుగుతోంది.

"దిగమనవేటి బాబూ?" అంది అప్ప, కాలు అలా వేలాడుతుండగానే.

"కాలు లోపలెట్టుకో అప్పా, రాయి తగుల్తాది" అన్నారాయన, వెనక్కి తిరక్కుండా.

కొండ మీదకి చేరాక ఒక పక్క ఓడలు, ఒక పక్క సముద్రం కనిపించాయి. అప్ప నా వంక చూసి, "మీ ఆయన గట్టోడే" అంది. నేను తలూపాను. నలభైమూడు ఎలా తేలిందో ఆవిడకి చెప్పలేదు. ఆ పూట ఆయన మీసం మళ్ళీ పైకి లేచింది. దాన్ని దించాలని నాకనిపించలేదు. వ్యాను వాడు ఆ సీజను గాజువాకలోనే ఉండిపోయాడు. తరవాత ఎన్నేళ్ళు తోలినా ఆ వంపుని వాళ్ళు దిగుడు మలుపనే అనేవాళ్ళు, ఎవరూ దిగకపోయినా.

ఇదంతా విని మా మనవరాలు పురికొస ఉండ అడిగి తీసుకుని, వాకిట్లో గొంతుక్కూర్చుని టైరు చుట్టూ తాడు చుడుతోంది. ముడి ఎక్కడ వేయాలో అరుగు మీద నుంచే చెబుతున్నాను. ఆయన పోయి చాలా కాలమైంది. ఉల్లిపాయలైనా కొబ్బరికాయలైనా నేను ఇప్పటికీ మా పుట్టింటి పద్ధతిలోనే లెక్కపెడతాను, ఒక్కటి వదలను. గడిచిన ఏళ్ళు కొలుచుకునేటప్పుడు మాత్రం ఆయన పద్ధతే. జీపు కొండెక్కిన ఆ ఏడాదిని లాభమని దేవుడి పక్కన పోసేసి, తరవాతి ఏడాది నుంచి ఒకటి అంటాను.