కాలిపోని కాయిల్

మా మరిది గిటారు పాడైన సంగతి మొదట విన్నది మా అత్తగారు. విని హడలిపోయింది. అయితే గిటారు కోసం కాదు.

"బ్రిడ్జి పికప్ సెడిపోనాదమ్మా," అన్నాడు మరిది చెప్పులు విప్పుతూ.

"ఓలమ్మో! బ్రిడ్జి కాడ ఆగిపోనాదేటి? మరి నా సేపలేటైపోవాల?"

ఎచ్చెర్ల దాటాక సముద్రం వైపు ఉంటుంది మా అత్తవారి ఊరు. అత్తగారు చేపల వ్యాపారం చేస్తుంది. ఊళ్లోని చేపల బుట్టలన్నీ వంతెన దగ్గర ఒక వ్యాను ఎక్కుతాయి. దాన్ని అందరూ పికప్ అనే అంటారు. ఆమె అప్పటికే డ్రైవరుకి ఫోను కలిపేసింది.

"వ్యాను కాదే! గిటార్ది. తీగల కింద ఉంటాది సూడు, సౌండు పట్టుకునేది."

"దానికీ పికప్పేనా? మీకు పేర్లు కరువొచ్చీసినాయేటిరా?"

పాపకు అన్నం పెడుతూ నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే, అతను అడగకముందే, "ఇలా తే, నేను చూస్తాను," అన్నాను. ఇదంతా రాయడానికి కూర్చుంటే నాకు సిగ్గు ఆ మాట దగ్గరే మొదలవుతోంది.

నేను విజయనగరంలో బీటెక్ చదివాను, ఈసీఈ. ఆ ఇంట్లో అంత చదువు చదివిన మనిషిని నేనే. ల్యాబులో నలుగురం ఒక గుంపు. మిగతా ముగ్గురూ వైర్లు కలిపేవారు, నేను అందమైన దస్తూరితో రికార్డు రాసేదాన్ని. సోల్డరింగ్ ఐరన్ నేను పట్టుకున్నది రెండుసార్లేనేమో. ఈ సంగతి మా మరిదికి తెలియదు. అతను ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. మా వదిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరని అక్కడ అందరికీ చెప్పుకునేవాడు. ఆ ఏడాది ముహూర్తాలకి పాటల మధ్యలో గిటారు ఒక్కటే మోగే ముక్కలు అతనికి ఇస్తానని ఆర్కెస్ట్రా పెద్ద మాటిచ్చాడు. ఆ ముక్కలన్నీ బ్రిడ్జి పికప్ మీదే వాయించాలట. తీగల కింది కొసలు ఆనే పట్టీని బ్రిడ్జి అంటారు; దానికి దగ్గరగా ఉండేది అదే, పదునుగా మోగేదీ అదే. అందుకే అతనికి ఆ కంగారు.

తీగలు వదులు చేసి, గిటారు మీది తెల్ల ప్లాస్టిక్ పలక ఎత్తాడు. నా పాత పసుపు మల్టీమీటరు తెచ్చి పికప్ రెండు వైర్లకీ ఆనించాను. తెరమీద ఎడమ చివర ఒకటి అంకె వచ్చి ఆగింది. వైరు తెగిపోతే మీటరు అలాగే చూపిస్తుందని నాకు గుర్తు.

"కాయిల్ కాలిపోయింది. మార్చాల్సిందే," అన్నాను.

"కరెట్టేనా వదినా?"

"నేను చెప్తున్నాను కదా."

పక్కనే అలాంటి పికప్‌లు ఇంకో రెండున్నాయి. వాటికీ ఒకసారి మీటరు పెట్టి ఉంటే వాటికీ అదే ఒకటి వచ్చేది, నా తప్పు అక్కడే బయటపడేది. పెట్టలేదు.

ఆ తరువాతి రెండు వారాలు నేను సంతోషంగా ఉన్నాను. అది ఒప్పుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఫోనులో డేటా చవకైన కొత్త రోజులవి. అప్పటిదాకా నా ఫోను నిండా పాప దగ్గు, పాప బరువు, పాప ఇంకా ఎందుకు నడవడం లేదు అనే ప్రశ్నలే. ఇప్పుడు పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని ఏ అయస్కాంతానికి ఏ స్వరమో, ఎన్ని చుట్లు చుడితే ఎంత గట్టిగా మోగుతుందో చదివేదాన్ని. మధ్యాహ్నం మరిది వచ్చి పక్కన కూర్చుంటే, ఇద్దరం ఒకే ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని నమూనాలు వినేవాళ్లం.

"నాకు మెత్తగుండాలొదినా, పాత దానిలాగ."

"మెత్తగా ఉంటే డ్రమ్ముల్లో నీ ముక్క ఎవరికి వినపడుతుంది? ఇది తీసుకో. రెండు కాయిళ్లున్నాయి, నీ గిటారు పలకలో సరిపోయే సైజే."

అలా గట్టిగా మోగేదాన్ని నేనే ఎంచాను. పెళ్లయ్యాక నన్ను ఒకరు సలహా అడగడం, నేను చెప్పింది వినడం అదే మొదలు. నిజంగా ఒక పికప్ కాలిపోయి ఉండాలని నాకు లోపల కోరిక ఉండేదేమో.

పార్శిల్ వచ్చాక విజయనగరంలో ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. పాపని ఎత్తుకుని నేనూ వెళ్లాను. ఆయన కొత్తది అతికించి తీగ మీటాడు. చప్పుడు లేదు. మళ్లీ మీటాడు. లేదు. మరిది మొహం పాలిపోయింది. "నువ్వెళ్లి మూడు టీలు సెప్పిరా నాయినా," అని ఆయన అతన్ని పంపేశాడు. తరువాత పికప్‌లు మార్చే స్విచ్చి విప్పి, ఏదో ద్రావకం చల్లి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. బ్రష్షుకి పచ్చటి చిలుము అంటుకుంది. ఈసారి తీగ మీటితే షాపంతా అదిరింది.

ఆయన పాత పికప్ చేతిలోకి తీసుకుని, తన మీటరు మీట ఒక మెట్టు పైకి తిప్పి వైర్లు ఆనించాడు. ఆరు వేల చిల్లర ఓములు చూపించింది.

"ఇది బతికే ఉన్నాదమ్మా. ఉప్పుగాలికి స్విచ్చి సెడిపోనాది, అంతే. దీనికేటైందని మార్పించేరు?"

"మీటరు ఒకటి చూపించింది," అన్నాను.

"ఏ రేంజిలో ఎట్టేవు? రెండు వేలలోనా? ఆరువేలది రెండువేలలో ఎడితే ఒకటి కాక ఏటి సూపిస్తాదమ్మా! నా కొలతకి మించిపోనాది అని సెప్పడమది."

టీ గ్లాసులతో మరిది రోడ్డు దాటుతున్నాడు. "అతనికి చెప్పకండి," అన్నాను. ఆయన నన్ను ఒక క్షణం చూసి, "నాకేటమ్మా," అని పాత పికప్‌ని న్యూస్‌పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు.

మూడు పెళ్లిళ్లయ్యాయి. కొత్త పికప్ బాగా అరిచేది. "పెళ్లి పాటకి ఈ గరగరేటిరా, రేకులు కోస్తన్నట్టు!" అన్నాడట ఆర్కెస్ట్రా పెద్ద. మరిది తప్పంతా తన మీదే వేసుకున్నాడు.

"నా సెయ్యి బరువైపోనాదేటో వదినా."

"అలవాటు పడాలి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేను అతని మొహం చూడలేదు, గిన్నెలు సర్దుతున్నాను. నాలుగో పెళ్లికి ఆ ముక్కలు కీబోర్డుకి ఇచ్చేశారు. గిటారు వెనకాల తాళానికి మిగిలింది.

పాత పికప్‌కి అయస్కాంతం ఉంది కదా, స్పూనుకి అతుక్కుంటుందని మరిదే దాన్ని పాపకి ఆడుకోమని ఇచ్చాడు. అది బాగానే ఉందనీ, తిరిగి పెట్టించుకోవచ్చనీ తెలిసిన దాన్ని నేను. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం పాప చేతిలో ఏదో మెరిసింది. జుట్టు కన్నా సన్నని రాగితీగ మూరెడు బయటికొచ్చి వేళ్లకి చుట్టుకుని ఉంది. పరుగున వెళ్లి పికప్ లాక్కున్నాను. తీగ తెగి ఉంది. ఇక అది నిజంగానే పనికిరాదు. తీగ రెండో కొస పాప నోట్లో ఉందని నేను చూసింది ఆ తరువాత.

వేలు పెట్టి తీశాను. పాప ఏడ్చింది.

"అమ్మ ప్రాణం మరి! ఎలగ పరిగెట్టిందో సూసినావేటిరా!" అంది అత్తగారు మరిదితో. పాప తుమ్మినా డాక్టరు దగ్గరికి పరిగెత్తే దాన్ని నేను. అయినా ఆవేళ నా కళ్లు మొదట వెళ్లింది తీగ మీదికి, పాప నోటి మీదికి కాదు. ఆ మెచ్చుకోలు నేను మోయలేకపోయాను. అత్తగారు లోపలికి వెళ్లగానే అతనికి అన్నీ చెప్పేశాను, మీటరు, స్విచ్చి, టీకి పంపిన ఆ పది నిమిషాలు.

అతను కొత్త పికప్ మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు.

"అయితే ఆ షాపాయనకి తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"నాకొక్కడికే తెల్దన్నమాట." తరువాత ఎప్పటిలాగే నవ్వడానికి ప్రయత్నించి, "పోన్లే వదినా," అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

ఆ తరువాత ఒకసారి అరుగు మీద కూర్చుని గిటారుకి కొత్త తీగలు ఎక్కిస్తున్నాడు. ఒక కొస జారిపోతోంది. ఇంతకుముందైతే "వదినా, ఓపాలి పట్టుకో" అని కేకేసేవాడు. నేనే దగ్గరికి వెళ్లి, "పట్టుకోనా?" అన్నాను.

"వద్దొదినా. పాప పడుకున్నాది కదా, నువ్వెళ్లు," అన్నాడు తలెత్తకుండా.

పాప నా చంకలోనే ఉంది. కళ్లు పెద్దవి చేసుకుని అతని చేతుల్నే చూస్తోంది.