సమాయిల్ వాగులో జమ్మి అడవి

మోకాలు దెబ్బతిన్నాక కంపెనీ పోచన్నను సైట్ నుంచి తప్పించి చెట్ల పనికి వేసింది. అప్పటిదాకా ఒమన్‌లో అతను చూసిందల్లా సిమెంటూ ఇనుమూ. సమాయిల్ దాటాక ఒక ఎండిన వాగు పక్కన, తీగల కంచె లోపల నిలబడి ఉన్న అడవిని చూసి బండి దిగినవాడు దిగినచోటే ఆగిపోయాడు.

"క్యా హువా?" అన్నాడు ఫుర్ఖాన్. ముల్తాన్ వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ అతను.

"ఇది మా జమ్మి."

"మా దిక్కు జండ్ అంటారు, వీళ్ళు గాఫ్ అంటారు. పేరేదైనా సరే, మేకలు లోపలికి రాకూడదు. అదే నీ డ్యూటీ."

నిర్మల్ దగ్గరి ఊళ్ళో పోచన్నకు జమ్మి అంటే దసరా నాడు మొక్కే చెట్టు. ఇక్కడ అది అడవిగా పెరిగింది. చలికాలం వస్తే ఎక్కడివో పేరు తెలియని పిట్టలు కొమ్మల మీద వాలేవి. ఎండలు ముదిరే ముందు సన్నటి పసుపు కంకులు పూసి, తేనెటీగల రొద కంచె బయటికి వినిపించేది. మోడులా ఎండిన ఒక కొమ్మ తొర్రలో ఏటా పాలపిట్టలు గుడ్లు పెట్టేవి. ఇవన్నీ చూస్తూనే పోచన్న పని చేసుకునేవాడు. నీటి వెంట వచ్చి మొలిచే సర్కారు తుమ్మను వేరుతో సహా పీకేవాడు. వదిలేస్తే అది జమ్మి మొలకను లేవనివ్వదు. ముల్లు విరిగి చేతులు చీము పట్టినా రూమ్‌లో పడుకోలేదు. ఫోన్‌లో భార్య కనకవ్వతో "నా అడివి" అనడం మొదలుపెట్టాడు.

వాగు అవతల నాసర్ అనే ముసలాయన ఉండేవాడు. కంచె రాకముందు ఆయన తాతల కాలం నుంచీ మేకలు ఆ చెట్ల కిందే తిరిగాయి. వానల్లేని ఒక వేసవిలో ఆయన కంచె దగ్గరికి వచ్చి, నేస్తం అని అరబ్బీలో పలకరిస్తూ చేతిలోని ఖాళీ గోనెసంచి చూపించాడు.

"సదీక్, కొమ్మ ముట్టుకోను. కింద రాలిన కాయలు చాలు. మేకలు ఆకలితో ఉన్నాయి."

రాలిన కాయలు మట్టిలో ఎండిపోతున్నాయి. పోచన్నకు అది తెలుసు. కానీ రూలు రూలే.

"మమ్నూ," అన్నాడు. కూడదు అనడానికి అతను నేర్చుకున్న అరబ్బీ మాట అది.

ముసలాయన సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు కంచె ఒకచోట తెగి మేకలు లోపలికి వచ్చాయి. వాటిని తోలుకుపోవడానికి నాసర్ కూడా వచ్చాడు. ఫుర్ఖాన్ చెప్పినట్టే పోచన్న ఫోన్‌తో ఫోటో తీసి ఆఫీసుకు పంపాడు. ముసలాయనకు జరిమానా పడింది. అది కట్టడానికి ఆయన మంద మొత్తం అమ్ముకున్నాడని తర్వాత తెలిసింది. మేనేజరు వచ్చి పోచన్న భుజం తట్టి, నీలాంటి కాపలావాడు ఇంకొకడు లేడన్నాడు. ఆ మాట పోచన్న రూమ్‌లో అందరికీ చెప్పుకున్నాడు.

మళ్ళీ పూత కాలం వచ్చింది. ఒక పొద్దున ఫుర్ఖాన్ వెంట రెండు జేసీబీలు వచ్చాయి.

"రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఈ ముక్క పోతుంది," అన్నాడు ఫుర్ఖాన్ చెట్ల వైపు చూడకుండా.

"ఏ ముక్క?"

"మొత్తం."

పోచన్న జేసీబీల వైపు చూశాడు. "మేకలు తినకుండ ఇన్నేండ్లు కావలి పెట్టిరి. ఇప్పుడు కొట్టేస్తరా?"

"ఇంకోచోట రెట్టింపు మొక్కలు నాటుతారంట. పైనుంచి కాగితం వచ్చింది. నన్నేం చేయమంటావు, భాయ్?"

"తొర్రల పిల్లలున్నయ్. అవి ఎగిరిపోయేదాంక ఆ ఒక్క చెట్టన్న ఆపమను."

ఫుర్ఖాన్ వెళ్ళి డ్రైవర్‌తో ఏదో మాట్లాడాడు. డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. నరికిన కొమ్మలను ట్రాక్టర్‌కు ఎత్తే పని పోచన్నదే. అతను చేశాడు. పూత మీది తేనెటీగలు నేల మీద పడిన కొమ్మల చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాలపిట్ట ముక్కున మిడత పట్టుకుని వచ్చి కంచె తీగ మీద వాలింది. అటూ ఇటూ ఎగిరి, మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంది. మిడతను మాత్రం విడవలేదు.

సాయంత్రానికి వాగు అవతలి ఇళ్ళు బట్టబయలుగా కనబడ్డాయి. నాసర్ కర్ర ఊతంతో మెల్లగా నడిచి వచ్చాడు. పోచన్న సలాం చెప్పాడు. ముసలాయన అతన్ని దాటి ముందుకు వెళ్ళాడు. ఒక మొద్దు మీద చెయ్యి వేసి, కారుతున్న జిగురును వేలితో తుడిచాడు.

"మేకలు ఆకు తింటాయి," అన్నాడు, పోచన్నకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే. "ఆకు మళ్ళీ వస్తుంది."

క్షమించమని అరబ్బీలో ఎలా అడగాలో పోచన్నకు రాదు. "బాబా..." అని ఒక అడుగు ముందుకు వేశాడు. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి, "మమ్నూ," అన్నాడు. కోపంగా అనలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం పోచన్నను రుసైల్‌లో ఒక గోదాముకు మార్చారు. కిటికీల్లేని పెద్ద రేకుల షెడ్డు అది. డబ్బాలు దించాలి, పేర్చాలి, మళ్ళీ ఎక్కించాలి. బయట ఏ కాలం నడుస్తోందో లోపల తెలియదు.

శుక్రవారం కనకవ్వ ఫోన్ చేసింది. "ఎట్లున్నవ్? ఎండలు బాగ ముదిరినయటగద ఆడ?"

"పని మారింది. ఇప్పుడు గోదాముల చేస్తున్న. నీడపట్టుకే."

"అమ్మయ్య! ఆ ముండ్ల పని పీడ పాయె. నేను మొక్కిన మొక్కు ఊకె పోలే," అంది ఆమె సంతోషంగా.

"అవ్," అన్నాడు పోచన్న.