మబ్బులోంచి పలికిన గొంతు

నేను చెప్పేవాటిలో ముప్పాతిక కోతలే... మా ఆవిడే సాక్షి. ఇది మాత్రం మిగిలిన పాతికలోది. అబద్ధమైతే ఈ మీసం రేపే గొరిగించేస్తాను.

అరవయ్యో దశకం చివర. నౌపడ ఉప్పుమళ్ళు దాటాక, ఉప్పుటేరు నడుమ దిబ్బమీద మా జాలర్ల ఊరు. వానాకాలం పడవలు తిరగవని మాకో విమానాశ్రయం ఉండేది. నవ్వకండి! ఒక తాటాకు పాక, గాలి ఎటో చెప్పే గుడ్డగొట్టం, మేకలు మేసే మైదానం. నేనక్కడ ఉద్యోగిని... అంటే మేకల్ని అదిలించేవాణ్ణి. మందులు తెచ్చే విమానం మా ఇంటి గుమ్మంకన్నా కాస్త పెద్దది. ఇప్పుడక్కడ జీడితోట. ఆ ఇంజను రొద గుర్తొస్తే ఇప్పటికీ గుండె జివ్వుమంటుంది.

ఆ సాయంత్రం మా అక్క నూకాలప్పకి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. విమానంలో పట్నం చేరితేనే బతుకుతుంది. తంతి కొట్టి కబురు పంపాం. అది వచ్చేసరికి చీకటి. వాన... చినుకు చినుకూ కొబ్బరిబోండామంత!

ఆడవాళ్ళంతా లాంతర్లతో రెండు వరసలుగా నిలబడ్డారు. పైన రొద. తిరుగుతోంది... తిరుగుతోంది... మబ్బులో దారి దొరకడం లేదు. రొద దూరమైపోతోంది. పాకలో అప్ప మూలుగు.

"ఒసే, కేకెయ్యండే!" అంది మా పోలమ్మత్త. మంచులో పడవ దారి తప్పితే ఒడ్డున ఆడవాళ్ళు కేకేస్తారు, పడవలోవాళ్ళు బదులు పలుకుతారు. మా ఊరి పద్ధతి. బదులు పలక్క, తిరిగిరాని పడవలూ ఉన్నాయి.

"అది పడవేటత్తా? ఇంజను సప్పుడు తప్ప ఆడికేటీ ఇనపడదు!"

"నోరు ముయ్యరా, మేకల మేనేజరు! ఎగిరినా ఈదినా, దారి తప్పినోడు తప్పినోడే. కేకెయ్యి!"

అందరం కేకేశాం. హో...య్!

వాన చప్పుడు... కప్పలు కూడా ఊరుకున్నాయి...

పైనుంచి... మబ్బులోంచి... "హో...య్."

మగగొంతు. తడివల వాసన గుప్పుమంది. నా ఒంటిమీద రోమాలు చొక్కాని పైకి లేపేశాయి. ఆ వెనకే విమానం సూటిగా లాంతర్ల మధ్యకి దిగింది.

పైలట్ దిగుతూనే అడిగాడు. "లాంతరు ఊపుతూ నాకు దారి చూపించిందెవరు?"

"మేమే బాబూ."

"మీరు కాదు. నేలమీద కాదు... నా ఎత్తులో, నా ముందు... పడవలో నిలబడినట్టు ఊగుతూ..."

అప్పని ఎక్కించాం. తర్వాత అప్ప కొడుకునెత్తుకుని తిరిగొచ్చింది. వాడిప్పుడు నాకన్నా పెద్ద కోతలు కోస్తాడు.

ఆ రాత్రి విమానం వెళ్ళాక లాంతర్లు ఆర్పబోయాం. పోలమ్మత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆర్పకండే... ఇమానం ఎల్లిపోనాది. మనకి పలికినోడు ఇంకా దిగనేదు."

మబ్బుల్లో మా కేకే తిరిగి పలికిందో, పైలట్ కళ్ళే మోసం చేశాయో... కిరసనాయిలు అయిపోయేదాకా పైకి చూస్తూ నిలబడ్డాం. ఎవరో దిగిన అలికిడైతే వినలేదు.

అలాగని... దిగలేదనీ చెప్పలేను.